మీకు తెలుసా? ఊరి ప్రయాణానికి వాన లెక్కలు

కామాటిపురా గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో, భివండీ మగ్గాల వాడల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా ఒకటే మాట: టికెట్ ఎప్పటికి తీద్దాం? కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల, పాలమూరు... ఎవరి ఊరు వాళ్లది. పిల్లల సుట్టీలు, పెళ్లిళ్లు, మామిడికాయ పచ్చడి పనులు. పోయే తేదీ గురించి అందరూ ఆలోచిస్తారు. అసలు ఆలోచించాల్సింది వచ్చే తేదీ గురించి.

రైలు టికెట్‌ను ముందుగా తీసుకునే గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. జూన్ 10 తిరుగు ప్రయాణానికి ఏప్రిల్ రెండో వారంలో టికెట్ తీయాలి. ఆ సమయానికి వాతావరణ శాఖ చెప్పగలిగేది సీజన్ మొత్తానికి ఎంత వాన పడొచ్చనే అంచనా ఒక్కటే. రుతుపవనాలు కేరళను ఎప్పుడు తాకుతాయో చెప్పేది మే మధ్యలో, అదీ నాలుగు రోజులు అటూ ఇటూ. ముంబైలో ఫలానా రోజు కుండపోత అని కాస్త నమ్మకంగా తెలిసేసరికి ప్రయాణం నాలుగైదు రోజుల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు తేదీ మార్చుకుందామంటే రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. అందుకే ఏప్రిల్‌లో టికెట్ తీసేవాళ్లకు పాత ఏళ్ల అనుభవమే ఆధారం.

ఆ అనుభవం ఏం చెబుతోంది? 2020లో సవరించిన లెక్క ప్రకారం రుతుపవనాలు హైదరాబాద్‌కు జూన్ 8న, ముంబైకి జూన్ 11న రావాలి. సముద్రం ఒడ్డున ఉన్న ముంబై కంటే మన హైదరాబాద్‌కే మూడు రోజులు ముందు! మృగశిర కార్తె ప్రవేశించేదీ జూన్ 8 ప్రాంతంలోనే. పెద్దవాళ్లు కార్తె చూసి విత్తనాలు సిద్ధం చేసుకోవడం ఉత్త నమ్మకం కాదు, తరాల పరిశీలన.

కానీ ఇవి సగటు తేదీలు. సగటును నమ్ముకుని టికెట్ తీస్తే ఏమవుతుందో రెండు ఏళ్లు చాలు చెప్పడానికి. 2023లో అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుపాను రుతుపవనాల దారి చెడగొట్టింది. ముంబైకి అవి జూన్ 25న వచ్చాయి. అదే రోజు ఢిల్లీకీ చేరాయి. రెండు నగరాలకూ ఒకేరోజు రావడం 1961 తర్వాత అదే మొదటిసారి. మరి 2025లో? మే 26కే ముంబైలో దిగాయి. వాతావరణ శాఖ దగ్గర రాసిపెట్టి ఉన్న డెబ్బై అయిదేళ్ల తేదీల్లో అంత తొందరగా ఎప్పుడూ రాలేదు. ఆ మే నెలలో కొలాబాలో 295 మిల్లీమీటర్ల వాన పడి, 1918 నాటి మే నెల రికార్డు చెరిగిపోయింది. అంతకు రెండు వారాల ముందే తెరిచిన వర్లీలోని ఆచార్య అత్రే చౌక్ భూగర్భ మెట్రో స్టేషన్‌లోకి నీళ్లు చేరాయి. రెండేళ్ల తేడాలో వాన రాక నెల రోజులు అటు ఇటయ్యింది. మే 26 అంటే చాళ్లలో చాలా ఖోలీలకు తాళాలు వేసి ఉండే రోజులు. తలుపు సందులోంచి నీళ్లొస్తే చూసే మనిషి ఊళ్లో, మామిడి చెట్టు కింద.

ఇక బడుల సంగతి. తెలంగాణలో బడులు జూన్ 12 ప్రాంతంలో, ముంబైలో జూన్ 15 ప్రాంతంలో తెరుస్తారు. ముంబై వాన సగటు తేదీ జూన్ 11. అంటే వేల కుటుంబాలు ఒకేసారి వెనక్కి వచ్చే వారం, వాన దిగే వారం ఒకటే. నన్నడిగితే పిల్లలకు ఊళ్లో నాలుగు రోజులు తగ్గినా సరే, జూన్ 5 లోపు ఇల్లు చేరడం మంచిది. వాన తొందరపడిన ఏడు అదీ చాలకపోవచ్చు గానీ, ఎక్కువ ఏళ్లలో గట్టెక్కిస్తుంది.

వాన రోజు ముందే తెలియదు. కానీ సముద్రం పోటు ఎప్పుడో ఏడాది ముందే తెలుసు! కామాటిపురా వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఒకప్పుడు మహాలక్ష్మి, వర్లీ మధ్య ఉన్న గండిలోంచి పోటు నీళ్లు లోపలికొచ్చి ఈ పల్లపు భూములను ముంచేవి. 1780ల్లో, గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో, కట్ట కట్టి ఆ గండి మూశారు. నేల ఆరాక, ఆ శతాబ్దం చివరి నుంచి, నిజాం రాజ్యంలోంచి వచ్చిన తెలుగు కూలీలు, కామాటీలు, ఇక్కడ నిలదొక్కుకున్నారు. వాడకు వాళ్ల పేరే మిగిలింది. నేల ఆరింది గాని ఎత్తు పెరగలేదు. పోటు నాలుగున్నర మీటర్లు దాటిన వేళ గట్టి వాన పడితే కాలువల్లోని నీళ్లు సముద్రంలోకి పోలేవు, వీధుల్లోనే నిలబడతాయి. ఆ ఎత్తు దాటే రోజుల పట్టికను నగరపాలిక వానాకాలానికి ముందే ప్రకటిస్తుంది. పట్టిక దొరక్కపోతే గోడ మీది తెలుగు క్యాలెండర్ చూడండి. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు ఎక్కువ. ఆ రోజుల్లో ముంబైలో పెద్ద పోటు మిట్టమధ్యాహ్నం నుంచి రెండు గంటల లోపు, మళ్లీ అర్ధరాత్రి దాటాక వస్తుంది. తెల్లవారి దిగే రైలు ఎక్కితే పిల్లలతో, బియ్యం మూటలతో, పచ్చడి జాడీలతో మోకాటి లోతు నీళ్లలో నడిచే గతి పట్టే అవకాశం తగ్గుతుంది.

ఇంకో సంగతి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. అదే రోజు కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లే. ఒకే నగరం, రెండు కొలతలు. కాబట్టి ఇంటి నుంచి ఫోన్‌లో "ఇక్కడ వాన లేదు, రండి" అని చెబితే సరిపోదు. రైలు కల్యాణ్, ఠాణే, కుర్లా దాటి రావాలి కదా. అంతకు ముందు కనుమలు దిగాలి. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, బాసర, నాందేడ్, మన్మాడ్ మీదుగా వచ్చి ఇగత్‌పురి, కసారా మధ్య థళ్ ఘాట్ దిగుతుంది. షోలాపూర్, పుణే దారిలో వచ్చే రైళ్లు లోణావళా, కర్జత్ మధ్య బోర్ ఘాట్ దిగుతాయి. రెండు చోట్లా వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడుతుంటాయి. ఘాట్ దిగాక కూడా నిశ్చింత లేదు. 2019 జూలై 27న ముంబై నుంచి కొల్హాపూర్ పోతున్న మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ బద్లాపూర్, వాంగణీ మధ్య వరద నీళ్లలో చిక్కుకుపోతే, సుమారు 1,050 మందిని పడవల్లో బయటికి తెచ్చారు. పుణే మీదుగా హైదరాబాద్ పోయేదీ ఆ పట్టాల మీదే.

రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని మీకు తెలుసా? రైలు మీ స్టేషన్ నుంచి బయల్దేరక ముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, దాఖలు చేయాలి. చాలామంది ఈ గడువు తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఊళ్లో ఎండ సంగతి వేరు. ముంబై లాంటి తీర ప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలి అంటుంది. మన ఊళ్లున్న మైదానాల్లో ఆ గీత 40. ముంబై ఉక్కపోతకు అలవాటైన ఒంటికి చెమట కారుతుంటేనే ఎండ తగిలినట్టు అనిపిస్తుంది. నిజామాబాద్, జగిత్యాల పొడి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు పోతున్నట్టు పిల్లలకు తెలియనే తెలియదు. ఒళ్లు కొత్త ఎండకు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. దిగిన మర్నాడే వాళ్లను మిట్టమధ్యాహ్నం చేన్లకు పంపకండి. సాయంత్రం మబ్బు పట్టి గాలి లేస్తే రాళ్లవాన, పిడుగులు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ దగ్గర్లో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది, తెలుగులోనూ చెబుతుంది. ఫోన్‌లో పెట్టుకోండి.

ఊరి నుంచి ఆదిలాబాద్ అడవుల వైపు పోదామనుకునేవాళ్లకు ఒక మాట. కడెం వాగు మీది కుంటాల జలపాతం సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, కానీ మే నెలలో పోతే చూసేది ఎక్కువగా బండలనే. నీళ్లు నిండేది జూలైలో, అదే ప్రమాదమూ అప్పుడే. ఆ వాగే కిందికి పోయి చేరే కడెం ప్రాజెక్టుకు 2022 జూలైలో గేట్లు వదలగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. జలపాతం చూడాలంటే వానలు నెమ్మదించిన సెప్టెంబరు చివర, దసరా ముందు రోజులు మేలు. అడవిని చూడాలంటే చలికాలం. వేసవి సుట్టీల్లో ఈ రెండూ దొరకవు, పిల్లలకు ముందే చెప్పండి.

ఊరికి పోయే ముందు ఖోలీ పైకప్పు మీద తాడ్‌పత్రి కప్పించడం, కింది అంతస్తు అయితే బియ్యం డబ్బా, గ్యాస్ పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు అటక మీదికి ఎక్కించడం మే మొదటి వారంలోనే చేసేయాలి. మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఏటా వానాకాలం ముందు అత్యంత ప్రమాదకరమైన పాత భవనాల జాబితా ప్రకటిస్తుంది. మీరు ఊళ్లో ఉండగా అది రావచ్చు. మీ బిల్డింగ్ పేరు అందులో ఉందేమో చూడమని పక్క ఖోలీ వాళ్లకు చెప్పి, తాళంచెవి ఒకటి వాళ్ల చేతికిచ్చి వెళ్లండి. నీళ్లు చేరినా, గోడ బీటలిచ్చినా నగరపాలిక విపత్తు విభాగం నంబరు 1916. రైలు ఆలస్యాలకు 139.