ఆ తలుపు మూసి ఉందా?

ఒక ఇంటికి ఎన్ని తలుపులుంటాయి? ముందొకటి, వెనకొకటి, మహా అయితే నాలుగైదు. కాని ఒక కంప్యూటరుకు 65,536 తలుపులుంటాయంటే నమ్ముతారా? నమ్మాలి మరి! వీటినే ‘పోర్టులు’ అంటారు.

ఇవి చేత్తో తాకే తలుపులు కావు, ఉత్త సంఖ్యలు. ఒక కంప్యూటరు మరొకదానికి సమాచారం పంపేటప్పుడు దాన్ని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. ప్రతి పొట్లం మీదా చేరవలసిన కంప్యూటరు చిరునామాతోపాటు పోర్టు సంఖ్య కూడా ఉంటుంది. ఆ సంఖ్య రాయడానికి 16 బిట్ల చోటుంది. ఒక్కొక్క బిట్టు 0 కావచ్చు, లేదా 1 కావచ్చు. పదహారు రెండ్లను వరసగా గుణించి చూడండి, 65,536 వస్తుంది. అందుకే పోర్టుల సంఖ్యలు 0తో మొదలై 65,535తో ముగుస్తాయి.

ఏ పనికి ఏ పోర్టో చాలావరకు ముందే నిర్ణయమై ఉంది. మామూలు వెబ్ పేజీలకు 80, రహస్య లిపిలో పంపే వెబ్ పేజీలకు 443. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకోవడానికి 445.

ఈ 445ను కాస్త గుర్తుపెట్టుకోండి. 2017 మే 12న ‘వన్నాక్రై’ అనే కంప్యూటరు పురుగు ఈ తలుపుగుండానే లోపలికి దూరింది. ఫైళ్ళను చదవడానికి వీలులేకుండా మార్చేసి, డబ్బు కడితేనే విడిపిస్తానంది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతపడ్డాయి. ఇంగ్లండు ఆసుపత్రులలో 19,000కు పైగా రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. విండోస్‌లోని లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. ఆ సవరణ వేసుకోకుండా, 445 తలుపును ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచిన కంప్యూటర్లలోకి పురుగు నేరుగా చొరబడింది. అక్కడినుంచి పక్క కంప్యూటర్లకు పాకింది.

మరి ఇన్ని వేల తలుపులకు కాపలా ఎవరు? ‘ఫైర్‌వాల్’. ఒక ఇంట్లో పుట్టిన మంట పక్క ఇంటికి అంటుకోకుండా కట్టే గోడ పేరే దీనికి పెట్టారు. నెట్‌వర్కు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే పోయే ప్రతి పొట్లాన్నీ ఇది పరిశీలిస్తుంది. దేన్ని రానివ్వాలో, దేన్ని ఆపాలో చెప్పే నిబంధనల జాబితా దాని దగ్గర ఉంటుంది.

ఆ జాబితాను మనం ఒక తెర మీద చూడవచ్చు. ఉదాహరణకు, ‘పీఎఫ్‌సెన్స్’ అనే ఫైర్‌వాల్‌ను తీసుకుందాం. దాని అజమాయిషీ తెర మీద ‘ఫైర్‌వాల్’ అన్న చోట నొక్కి, ‘రూల్స్’ ఎంచుకుంటే నిబంధనలు కనిపిస్తాయి. ‘వాన్’ అనే విభాగంలో ఇంటర్నెట్ వైపునుంచి వచ్చేవాటికి, ‘లాన్’ అనే విభాగంలో లోపలి కంప్యూటర్లనుంచి వెళ్ళేవాటికి వేరువేరు జాబితాలుంటాయి. అన్ని వైపులకూ వర్తించగల నిబంధనలు ‘ఫ్లోటింగ్’ అనే విభాగంలో ఉంటాయి. దాన్ని కూడా చూడడం మరవకూడదు. పచ్చని టిక్కు గుర్తుంటే అనుమతి, ఎర్రని అడ్డగుర్తుంటే నిషేధం.

జాబితాలో ‘పోర్టు’ అనే గడి రెండుసార్లు ఉంటుంది. మొదటిది పొట్లం బయలుదేరిన పోర్టు, రెండోది అది చేరవలసిన పోర్టు. మనం వెతకవలసింది రెండోదాన్ని. బయలుదేరే పోర్టు సాధారణంగా అప్పటికప్పుడు దొరికిన ఏదో ఒక సంఖ్య. దానితో మనకు పని తక్కువ.

ఇప్పుడొక చిన్న పరీక్ష. ‘వాన్’ విభాగంలో ఈ నాలుగు నిబంధనలున్నాయనుకోండి.

1. అనుమతి: పోర్టు 443
2. అనుమతి: పోర్టులు 400 నుంచి 500 వరకు
3. నిషేధం: పోర్టు 445
4. అనుమతి: ‘ఆఫీసు_పనులు’

బయటినుంచి 445కు వచ్చే పొట్లాన్ని ఈ ఫైర్‌వాల్ ఆపుతుందా? 445 అనే సంఖ్య కోసం వెతికితే మూడో నిబంధన దొరుకుతుంది. ‘నిషేధం’ అని చూసి హమ్మయ్య అనుకుంటాం. కాని ఫైర్‌వాల్ ఈ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. సరిపోయే నిబంధన తగలగానే దాన్ని అమలుచేసి, అక్కడే ఆగిపోతుంది. 445 అనేది 400కూ 500కూ మధ్య ఉంది కదా! రెండో నిబంధనే దాన్ని లోపలికి పంపేసింది. దొంగ ఇంట్లో దూరాక గుమ్మంలో నిలబడ్డ కాపలావాడిలాంటిదన్నమాట మూడో నిబంధన.

చూశారా, ఒక పోర్టును శాసించే నిబంధనలో ఆ పోర్టు సంఖ్య రాసి ఉండాలని లేదు. అది రెండు సంఖ్యల మధ్య దాగి ఉండవచ్చు. గడిలో నక్షత్రం గుర్తు ఒక్కటే ఉంటే అన్ని పోర్టులూ అని అర్థం. నాలుగో నిబంధనలోలాగ కొన్ని సంఖ్యలకు కలిపి ఒక పేరు పెట్టి ఉండవచ్చు. ఆ పేరు వెనక ఏ సంఖ్యలున్నాయో ‘ఎలియాసెస్’ అనే పుటలో చూడాలి. ఇక ఏ నిబంధనా వర్తించని పొట్లాన్ని పీఎఫ్‌సెన్స్ తనంతట తానే ఆపేస్తుంది. కాబట్టి భయపడవలసింది రాయని నిబంధనల గురించి కాదు, రాసి మరచిపోయిన అనుమతుల గురించి!

బడిలోని ఫైర్‌వాల్‌ను అనుమతి లేకుండా ముట్టుకోకండి సుమా! మాస్టారిని అడిగి, ఆయన పక్కనుండగా జాబితాను చదివి చూడండి. చదవడంవల్ల ఏ తలుపూ తెరుచుకోదు.

ఇంతకూ పై నాలుగు నిబంధనలలో ఒక్కటి కూడా కొట్టివేయకుండా, సంఖ్యలు మార్చకుండా 445ను మూసెయ్యాలి. ఎలాగో చెప్పగలరా?