తూకంలోకి రాని పని

తిత్లీ తుపానులో సొట్టపడ్డ ఒక ఇత్తడి బిందె. దాని మీద చుక్కలతో కొట్టిన ఒక పేరు. మూలపేట నుంచి బుడితి దాకా ఒక ప్రయాణం.

"పెళ్లిళ్ల రోజులు. ఇత్తడి సామాను మళ్లీ ఇళ్లలోకి వస్తోంది. ఈసారి ముఖచిత్రం దాని మీదే. గురువారం సాయంత్రానికి కాపీ ఇచ్చెయ్యి" అన్నారు సంపాదకులు. చేతిలో మూడు రోజులున్నాయి. పలాస, టెక్కలి దుకాణాలు తిరిగి, ధరలు రాసుకుని, నాలుగు ఫొటోలు తీయిద్దామని బయల్దేరాను. మొదటి రాత్రికి అమ్మ దగ్గర ఆగుదామని మూలపేట వెళ్లాను. కథ అక్కడే దారి మళ్లింది.

వసారాలో, వలల మూట వెనకాల అమ్మమ్మ బిందె ఉంది. 2018 అక్టోబరు 11న తెల్లవారకుండానే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలూ జీడితోటలూ నేలకొరిగాయి. మా పెరట్లో చెట్టు వంటింటి కప్పు మీద పడింది. కప్పు దూలం ఈ బిందె మీద పడింది. బిందె పొట్టకు జానెడు సొట్ట. అప్పట్నుంచీ అది ఏ మూలకు నెడితే ఆ మూలన ఉంటోంది.

"రేపు పాతసామాన్ల వాడొస్తాడు, తూకానికి ఇచ్చేద్దాం" అంది అమ్మ. దీపం దగ్గరికి తెచ్చి తిప్పి చూశాను. మెడ కింద సన్నని చుక్కల వరస కనబడింది. ఉలితో ఒక్కొక్క చుక్కా కొట్టి రాసిన అక్షరాలు. అమ్మమ్మ పేరు, ఆమె పుట్టింటివారి ఇంటిపేరు, ఊరు, 1956.

పెళ్లిలో సారెగా వచ్చిన బిందె అది. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఆ రాత్రే తీసి చూశాను. పొలం పట్టా తాత పేరున ఉంది. ఇంటి పన్ను రసీదులు తాతవి, ఆ తర్వాత మావయ్యవి. వల కొన్న అప్పు పత్రం మీద అమ్మమ్మది వేలిముద్ర మాత్రమే. ఆమె పేరు పూర్తిగా, తప్పులేకుండా, ఏడాదితో సహా రాసి ఉన్నది ఆ ఇత్తడి మీద ఒక్కచోటే. దుకాణాల సంగతి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్నే బిందెను గోనెసంచిలో చుట్టుకుని నౌపడా, టెక్కలి మీదుగా బుడితి బయల్దేరాను.

సుత్తి రాసిన దస్తావేజు

సరవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పని భౌగోళిక గుర్తింపు పొందింది. కొన్ని వస్తువులు కరిగించి అచ్చుపోసేవి, కొన్ని రేకు కొట్టి మలిచేవి. నేను వెళ్లిన కొలిమి ఇల్లు పట్టపగలే చీకటిగా ఉంది. కిటికీ ఎందుకు మూశారో కాసేపటికి గాని అర్థం కాలేదు. లోహం ఎంత కాగిందో చెప్పేది దాని రంగు. ఎండ పడితే ఆ మసక ఎరుపు కంటికి ఆనదు.

కొలిమి దగ్గరున్న పెద్దాయన బిందెను ఒళ్లో పెట్టుకుని ముందు వేళ్లతో తడిమారు. తర్వాత గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"మూలపేట, తాతా."

"దీన్ని కొట్టినోడు నెమ్మదస్తుడు. సూడండి, దెబ్బ మీద దెబ్బ సగం పడ్డాది. ఎక్కడా ఎడం నేదు."

వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూపించారు. నునుపుగా ఉందనుకున్న పొట్ట నిండా గోరంత పలకలు. చేప పొలుసుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి, మెడ నుంచి అడుగు దాకా వరసలు తీరి ఉన్నాయి. ఒక్కో పలకా ఒక్కో సుత్తి దెబ్బ. ఎవరో ఒక మనిషి, పేరు తెలియని మనిషి, దెబ్బకూ దెబ్బకూ మధ్య బిందెను వేలి మందాన తిప్పుకుంటూ కూర్చున్న గంటలన్నీ దాని మీద అలాగే ఉన్నాయి.

లోపలికి చూడమన్నారు. పొట్ట నడుమ చుట్టూ పంటి వరసలాంటి గీత. పై సగం, కింది సగం విడివిడిగా కొట్టి, అంచులకు పళ్లు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి, వెలిగారం చల్లి, తక్కువ వేడికే కరిగే ఇత్తడితో అతికిన చోటు అది. అతుకు ఇత్తడిలో జింకు పాలు ఎక్కువ. అందుకే అది ముందు కరిగి సందుల్లోకి పారుతుంది, బిందె రేకు మాత్రం నిలబడుతుంది.

ఇక రేకు బిందె ఎలా అవుతుంది? ఇత్తడి అంటే రాగి, జింకు. దాన్ని చల్లగా ఉండగానే కొట్టాలి. కొడుతున్న కొద్దీ రేకు సాగుతుంది, బిగుసుకుంటుంది. మొదట 'దబ్, దబ్' అనే మోత పోను పోను 'ఠంగ్'మంటుంది. ఆ మోత వినగానే చెయ్యి ఆపాలి. ఇంకొక్క పది దెబ్బలు వేస్తే అంచు చిట్లుతుంది. కొలిమిలో పెట్టి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి తీస్తే మళ్లీ మెత్తబడుతుంది. కాలిన నలుపును చింతపండు పులుసుతో తోమి మళ్లీ కొట్టాలి, మళ్లీ కాల్చాలి. ఒక బిందె ఎన్నిసార్లు నిప్పులోకి వెళ్లి వస్తుందో లెక్క ఉండదు, చెవే లెక్క.

రెండు కిలోల నాలుగువందలు

పని మొదలుపెట్టే ముందు పెద్దాయన బిందెను అలవాటుగా కాటాలో పెట్టారు. 2 కిలోల 400 గ్రాములు. నా బాధంతా ఆ కాటా దగ్గరే ఉంది.

ఇత్తడిని కొనేదీ అమ్మేదీ తూకానికే. అందులో ఒక అన్యాయం దాగి ఉంది. కిలో ఇత్తడిని మిల్లీమీటరు మందాన సాగదీస్తే దాదాపు 1,180 చదరపు సెంటీమీటర్ల రేకు వస్తుంది. అరమిల్లీమీటరుకు పలచన చేస్తే 2,350. అంటే రెట్టింపు మేర సుత్తి తిరగాలి, ఇంకా ఎక్కువసార్లు కాల్చాలి, చిట్లే ప్రమాదమూ ఎక్కువే. అంత పనితనం చూపించినా కాటాలో కిలో కిలోయే. మొద్దుగా కొట్టిన బిందె బరువు తూగి ఎక్కువ డబ్బు తెస్తుంది. పలచగా, సమంగా, గట్టిగా కొట్టినవాడి బిందె తేలిక కాబట్టి తక్కువ తెస్తుంది. పనితనం పెరిగేకొద్దీ ధర తగ్గే లెక్క ఇది. పాతసామాన్ల కాటాలో అమ్మమ్మ పేరుకూ విలువ లేదు, ఆ పొలుసులకూ విలువ లేదు.

ఈ వృత్తి నుంచి పిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారని అందరూ అడుగుతారు. స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది, నిజమే. కానీ ఇత్తడి కొంటున్నవాళ్లు కూడా లోహానికి డబ్బిచ్చి చేతికి ఇవ్వకపోతే, ఏ పిల్లవాడు కొలిమి ముందు కూర్చుంటాడు?

చరిత్ర క్లుప్తంగా: మన దక్షిణాన కంచును కొట్టి పాత్రలు చేయడం ఇనుపయుగం నాటిది. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు, నీలగిరుల సమాధుల్లో దొరికిన పలచని కంచు గిన్నెలపై పురాలోహ పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ అధ్యయనం చేశారు. తెలంగాణలో పెంబర్తివారు రేకును లక్క మీద పరిచి బొమ్మలు ఎత్తుతారు, గుడి వాహనాలకూ తలుపులకూ తొడుగులు చేస్తారు. గోదావరి జిల్లాల్లో అజ్జరం ఇత్తడికి పేరు. పంజాబులోని జండియాలా గురులో రేకు కొట్టే ఠఠేరాల పనిని 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

సొట్ట తీసిన తీరు

దుంగకు బిగించిన వంపు ఇనుపకడ్డీ ఒకటి ఉంది. దాని కొస గుండ్రంగా, అరచేతిలో పట్టేంత. కాల్చి చల్లార్చిన బిందెను మూతి లోంచి ఆ కడ్డీకి తగిలించారు. కడ్డీ కొస సరిగ్గా సొట్ట కిందికి వచ్చేలా మోకాలితో ఆనించి, బయటి నుంచి చెక్కసుత్తి అందుకున్నారు. సొట్ట నడిమధ్యన కొడతారనుకున్నాను. ఆయన అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, వలయం వలయంగా లోపలికి వచ్చారు. నడుమ కొడితే అక్కడి రేకు ఇంకా సాగి బొబ్బలా లేస్తుందట. అంచు నుంచి వస్తే లోపలికి పోయిన రేకు దానంతటది పైకి తేలుతుంది.

అరగంటకు పొట్ట గుండ్రమైంది. సొట్ట పైకొస మాత్రం మిగిలింది. అది అమ్మమ్మ పేరు కిందికి పాకి ఉంది. పెద్దాయన సుత్తి పక్కన పెట్టారు.

"ఇది తియ్యాలంటే అచ్చరాలు పోతాయి బాబూ. బయట దెబ్బ తగిల్తే సుక్కలు పూడిపోతాయి. ఏటి సెయ్యమంటారు?"

నేను జవాబు చెప్పేలోగా ఆయనే బొటనవేలితో ఆ చుక్కలను ఒకసారి తడిమి, "ఉండనీండి" అన్నారు. అక్షరాలకు వేలెడు కింద ఆగిపోయారు. బొటనవేలు పట్టేంత పల్లం అలాగే ఉండిపోయింది.

చింతపండుతో తోమి, కడిగి, మళ్లీ కాటాలో పెట్టారు. 2 కిలోల 400 గ్రాములు.

ఎంత ఇమ్మంటారని అడిగాను. ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డారు.

"దీనికేటి లెక్క కడతాం? తూకం పెరగనేదు కదా."

బాక్స్ 1: కంచు దారి వేరు

ఇత్తడిని చల్లగా కొడతారు. కంచును ఎర్రగా ఉండగానే కొట్టాలి. కొట్టే కంచులో నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. చల్లగా ఉండగా సుత్తి వేస్తే గాజులా పగులుతుంది. సుమారు 600 నుంచి 750 డిగ్రీల మధ్య మాత్రం సాగుతుంది. రంగు తగ్గగానే మళ్లీ కొలిమిలో పెట్టాలి. చివర ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచితే పెళుసుదనం తగ్గుతుంది. కొరియాలో చేత్తో కొట్టే 'బాంగ్జా' కంచుదీ ఇవే పాళ్లు.

బాక్స్ 2: తూటాలు నేర్పిన పాఠం

బ్రిటిష్ కాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చిట్లేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి పగుళ్లు తెచ్చాయని 1921లో శాస్త్రవేత్తలు వివరించారు. దానికి మందు, ఆఖర్న ఒకసారి సన్నగా కాల్చి ఆ బిగువు దించడమే.

బాక్స్ 3: మీ ఇంటి బిందె చేతిపనేనా?

వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. పలకలు కనబడితే సుత్తి తిరిగినట్టు. లోపల పళ్ల అతుకు ఉందేమో చూడండి. పులుసు, పెరుగు తగిలే ఇత్తడి గిన్నెకు కళాయి తప్పనిసరి, లేకపోతే చిలుం పడుతుంది. కాచిన గిన్నెలో నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో తుడుస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను ఉత్తినే పొయ్యి మీద వదిలెయ్యకండి.

మళ్లీ మూలపేట

ఇద్దరు మనుషుల రోజుకూలి పెద్దాయన చేతిలో పెట్టి వచ్చాను. అది సరైన ధర అని చెప్పలేను గానీ, కాటా చూసి ఇచ్చింది కాదు.

ఇప్పుడు మూలపేట అంటే అందరూ పోర్టు సంగతే అడుగుతారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఊరు మారుతున్నప్పుడు ప్రతి ఇంట్లోనూ ఏది ఉంచుకోవాలి, ఏది తూకానికి వెయ్యాలి అనే మాట వస్తుంది. వేసే ముందు ఒక్కసారి మెడ కింద చూడండి. ఎవరి పేరో ఉండొచ్చు. కొత్త బిందె కొంటుంటే కిలో ఎంత అని అడిగే ముందు, దీన్ని కొట్టడానికి ఎన్ని రోజులు పట్టిందని అడగండి.

అమ్మ బిందెను నూతి దగ్గరికి తీసుకెళ్లి నింపింది. చంకన ఎత్తుకోబోయి ఆగింది. బొటనవేలు ఆ మిగిలిన పల్లంలో సరిగ్గా కుదిరింది. పైన అక్షరాల మీద నీటి చుక్కలు నిలిచాయి. "మా అమ్మ పేరే" అంది, మొదటిసారి చదువుతున్నట్టుగా.