కినత్తుకడవు కూరగాయల సేద్యము: అదనెరిగిన తెలివి

కోయంబత్తూరునుండి పొల్లాచ్చికి పోవు రాజమార్గముపై, పొన్మలై వేలాయుధస్వామి గుడిగల చిన్నకొండ ప్రక్కన కినత్తుకడవు ఉన్నది. తమిళమున కిణఱు అనగా బావి. ఊరిపేరులోనే బావి ఉండుట ఈ ప్రాంతపు సేద్యమునకు తగిన గుర్తు. పాలఘాటు కనుమగుండా వచ్చు గాలి ఇచట బలముగా వీచును గాని, పడమటి కొండల చాటున ఉండుటచే నైరుతి వానలు కొలదిగానే పడును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు ఈశాన్యపు వానయే ముఖ్యము. ఆ వానకు బావిలో ఊరిన నీటితోనే తక్కిన నెలలు గడుపుకొనవలెను.

విజయనగర ప్రభువుల కాలమునను, 1529 ప్రాంతమున మధురలో ఆరంభమైన నాయకుల యేలుబడిలోను దక్షిణమునకు వచ్చి నిలిచిన తెలుగు కుటుంబములు ఈ సీమలో నల్లరేగడి, ఎఱ్ఱనేలలను సాగుచేసినవి. నాడు ప్రత్తి, జొన్న ముఖ్యపుబైరులు. బావినీటిని ఎద్దుల మోటతో తోడెడివారు. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన పిదప ఈ జిల్లా బావులకు క్రమముగా మరపంపులు వచ్చినవి. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి. డి. నాయుడు గారల కృషిచే దేశములో తొలి విద్యుత్ మోటారు కోయంబత్తూరులోనే తయారైనదని చెప్పుదురు. నీరు చేతికందగానే టమాటా, వంగ, బెండ, మిరప, సొర, కాకర, చిన్న ఉల్లి విక్రయమునకై పండించుట పెరిగినది. నేడు కినత్తుకడవు సంతనుండి టమాటా పెట్టెలు కేరళమునకు సయితము పోవుచున్నవి.

ప్రత్తికిని టమాటాకును గొప్ప భేదమొకటి కలదు. ప్రత్తి గాదెలో నిలువయుండి ధరకై వేచియుండగలదు. పండిన టమాటా వేచియుండలేదు. 'అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు' అని పెద్దలు చెప్పిన మాట కూరగాయల విషయమున రెండింతలు నిజము. తెలివి కరవై రైతు చెడిపోవుచున్నాడనుటకు వీలులేదు. 1868లో మద్రాసు చెంత సైదాపేటలో పుట్టిన వ్యవసాయ పాఠశాల 1906లో కోయంబత్తూరునకు తరలివచ్చి, 1971లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమైనది. అది కినత్తుకడవునకు గంట ప్రయాణములోనే ఉన్నది. అయినను తెలివి అదను దాటి వచ్చిన పనికిరాదు. నేలనుగూర్చి నాటుటకు ముందును, పురుగునుగూర్చి అది గ్రుడ్డుగా నున్నప్పుడును, సంతనుగూర్చి నారు పోయుటకు ముందును తెలియవలెను. ఈ మూడు అదనులను వరుసగా పరిశీలింతము.

నేల

కోయంబత్తూరు ప్రాంతపు నేలలలో పెక్కింట సున్నపుపాలు హెచ్చు. అట్టి నేలలో ఇనుము ఉన్నను వేరునకు అందదు. అపుడు లేతాకులు పసుపుబారును. ఈనెలు మాత్రము పచ్చగనే యుండును. రైతు దీనిని చూచి యూరియా చాలలేదని తలచి మరికొంత చల్లును. ఇనుపలోపము తీరదు సరికదా, పైరు మెత్తబడి ఆకు లేతయగును. లేతాకునకు రసము పీల్చు పురుగులు చేరును. పురుగునకై మందు కొనవలసివచ్చును. నేలలోని లోపము ఈ విధముగా మొదట ఎరువుల ఖర్చై, పిదప పురుగై, తుదకు అప్పుగా మారును. లోపమిది యని ముందే తెలిసినచో అరశాతపు అన్నభేది ద్రావణమును ఆకులపై చల్లుటతో పని జరుగును.

అందుచే నారు నాటుటకు నెలముందే నేలను పరీక్ష చేయింపవలెను. పొలమున పది పదునైదు చోట్ల పైచెత్త తొలగించి, జానెడు లోతున వి ఆకారముగా గుంటచేసి, దాని అంచునుండి పలుచని పొర తీయవలెను. గట్టుప్రక్కను, చెట్టునీడను, పెంటకుప్ప ఉన్నచోటను మన్ను తీయరాదు. అన్నింటిని కలిపి, నాలుగు భాగములుచేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు, అరకిలో మిగిలినదాకా తగ్గింపవలెను. బావినీటిని సయితము ఒక సీసాలో పంపుట మంచిది. నీటిలో ఉప్పు హెచ్చినచో, బిందుసేద్యముతో ఎరువు వేయు రీతియు, పైరు ఎంపికయు మార్చుకొనవలసియుండును.

పురుగు

పురుగును చూచి మందుచల్లుట వాడుక. చూడవలసినది దాని గ్రుడ్డును. టమాటా కాయతొలుచు పురుగు కాయలోనికి దూరిన పిమ్మట పై మందు దానికి తగులదు. ఇందులకు బెంగుళూరులోని ఉద్యానపరిశోధన సంస్థ చూపిన ఉపాయము సులభమైనది. పదునారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి నాటవలెను. నలుబదియైదు దినముల బంతినారును, ఇరువదియైదు దినముల టమాటానారును ఒకేదినమున నాటినచో రెండును ఒక్కసారి పూతకు వచ్చును. తల్లిపురుగు బంతిపూవుపై మక్కువతో అచటనే గ్రుడ్లు పెట్టును. ఇచటను అదనే ప్రధానము. బంతినారు ఇరువదిదినములు ముందుగా పోయనివానికి ఈ ఉపాయము దక్కదు.

వంగలో మొవ్వు వాడి వ్రాలినచో లోపల పురుగున్నదని గుర్తు. ఆ కొనను త్రుంచి కాల్చినచో రేపటి కాయ దక్కును. ఆకుముడత తెగులును తెల్లదోమ మోసికొనివచ్చును గనుక, నారుమడిపై సన్నని వల కప్పుటయు, పొలములో పసుపురంగు జిగురుఅట్టలు నిలుపుటయు మేలు. అయిదుకిలోల వేపపప్పు దంచి, రాత్రి నీటిలో నానవేసి, వడగట్టి, నూరులీటర్ల నీటిలో కలిపి, 200 గ్రాముల సబ్బు చేర్చి చల్లు కషాయము గ్రుడ్డుదశలోను, పిల్లపురుగు దశలోను పనిచేయును. ముదిరిన పురుగుపై అంతగా పనిచేయదు.

మందునకు మించిన మార్గము కలదని ఈ జిల్లాయే దేశమునకు చూపినది. 2008లో బొప్పాయి పిండినల్లి భారతదేశమున మొదట కోయంబత్తూరులో కనబడినది. బొప్పాయితో ఆగక మల్బెరీ, కర్రపెండలము, వంగ మున్నగు అనేక పైరులపై అది ప్రాకినది. ఒంటిపై మైనపుపొడి కప్పుకొనియుండు ఆ పురుగునకు మందు సరిగా తగులలేదు. చల్లినకొలది దాని శత్రువులైన మేలుచేయు పురుగులే చచ్చినవి. 2010లో పోర్టోరికో దీవినుండి ఎసిరోఫాగస్ పపాయే అను మిక్కిలి చిన్న కందిరీగను తెప్పించి, పెంచి, పొలములలో విడిచిరి. అది పిండినల్లి దేహములోనే గ్రుడ్డుపెట్టి దానిని చంపును. కొలదినెలలలోనే తెగులు అణగినది. ఆ కందిరీగను విడిచిన పొలములో మందుచల్లరాదని రైతు ఎరిగియుండుటయు ఆ విజయములో భాగమే.

సంత

నారుపోసినది మొదలు తొలికోతవరకు టమాటాకు సుమారు మూడునెలలు పట్టును. నేటి హెచ్చుధర చూచి నేడు నారుపోయువాడు మూడునెలల పిమ్మటి ధరకు అమ్ముకొనును. ఆ ధరనే చూచి పొరుగువారందరు నారుపోసియుందురు గనుక, అందరి పంటయు ఒక్కసారి సంతకు వచ్చును. 2023 జూలైలో దేశమంతట టమాటా ధర కిలో 100 రూపాయలు దాటినది. సెప్టెంబరునకు దక్షిణదేశపు అనేక టోకు సంతలలో పదిరూపాయలకు లోబడినది. పంట చెడుటచేత గాక పండుటచేతనే రైతు నష్టపోవు విచిత్రమిది.

ఇందులకు మొదటి మందు లెక్క. ఒక పెట్టెకు 15 కిలోలనుకొందము. కోతకూలి, బండికిరాయి, దించుకూలి, దళారి రుసుము కలిసి పెట్టెకు 90 రూపాయలైనచో, కిలోకు ఆరు రూపాయలు. సంతలో ధర ఆరు రూపాయలకు తగ్గిననాడు కోసినకొలది నష్టమే. ఈ అంకె తెలిసినవాడు కోయవలెనో మానవలెనో తెల్లవారకముందే నిశ్చయించుకొనగలడు. తెలియనివాడు కూలియిచ్చి కోయించి, పెట్టెలు సంతకు మోయించి, అచట పారబోసివచ్చును. రెండవది, ఉన్నపొలమంతయు ఒక్కనాడే నాటక, పదునైదు దినములకొక మడి చొప్పున నాటుట. మూడవది, ఓణపు పండుగవంటి గిరాకీ దినములను ముందుగా లెక్కించి నారుపోయుట.

నాలుగవది, కలిసి అమ్ముట. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశమున రైతుబజారులు ఆరంభమైనవి. అదే సంవత్సరము నవంబరు 14న మధురలో తొలి ఉళవర్ సందై తెరువబడినది. రైతు తన కాయను తానే అమ్ముకొను ఈ సంతలలో దళారిరుసుము లేదు. 2002లో సవరింపబడిన కంపెనీల చట్టము రైతులు తామే ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడుటకు అవకాశమిచ్చినది. 2004లో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో విశ్వవిద్యాలయము నడపిన సునిశిత సేద్యపథకమున బిందుసేద్యముతోపాటు రైతుసంఘములును ఏర్పడినవి. పదిమంది కలిసినచో విత్తనము చౌకగా కొనవచ్చును. అంతకంటె ముఖ్యముగా, ఎవరెవరు ఎన్నిసెంట్లు నాటుచున్నారో ముందుగా ఒకరికొకరు చెప్పుకొనవచ్చును. ఆ ఒక్క సమాచారము లేకనే ధర పడిపోవుచున్నది.

ఇంటిమాట

ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో ఇంట తెలుగు, బడిలోను సంతలోను తమిళము. వ్యవసాయ సలహాపత్రములు తమిళమున వచ్చుచున్నవి. వానిని చదువువారు పిన్నలు. పొలమున కలుపు తీయుచు, కాయ కోయుచు ఆకు అడుగున గ్రుడ్డును మొదట చూచువారు పెద్దలును, స్త్రీలును. చూచిన కన్నునకును, చదివిన కన్నునకును నడుమ వంతెన ఇంటిమాట. వాడిన వంగమొవ్వును అవ్వ ఏ పేరున పిలుచునో, పత్రములోని తమిళనామము దానికే చెందునని మనుమనికి తెలియనిచో, ఆ పూట దాటిపోవును. మరునాటికి పురుగు కాయలో ఉండును.

కావున తెలుగు సంఘములు చేయదగిన సహాయమొకటి కలదు. పురుగు బొమ్మ, దాని తమిళనామము, ఇంటి తెలుగుపేరు, అది కనబడు నెల, చేయవలసిన పని, ఈ అయిదింటిని ఒక చిన్నపుస్తకమున కూర్చవచ్చును. నేలలకు, గాలులకు, పదునులకు పెద్దలు వాడు మాటలను సయితము ఇందు చేర్చవచ్చును. చివర కొన్ని పుటలు ఖాళీగా విడిచి, నేలపరీక్ష ఫలితమును, పురుగు కనబడిన తేదీని, పెట్టెఖర్చును రైతు తానే వ్రాసికొనునట్లు గీతలు గీయింపవలెను. వచ్చు ఈశాన్యపు వానలకు ముందే అట్టి పుస్తకము ఇల్లిల్లు చేరినచో అది అదనుకు వచ్చిన సహాయమగును.