రోగిశయ్య చెంత ధర్మవేదన

2020, 2021 సంవత్సరములందు కరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టినప్పుడు మృతుల సంఖ్య పత్రికలయందు ప్రతిదినము ప్రకటింపబడెను. ఆ మరణములకు సాక్షులై రోగిశయ్య చెంత నిలిచిన నర్సులకును, వైద్యులకును తగిలిన గాయము ఆ లెక్కలలోనికి రాలేదు. వారు శ్రమించిరి, భయపడిరి, అందరెరిగినదే. అంతకంటె లోతైన బాధ యొకటి వారి మనస్సులను దహించెను. దానిని గూర్చి మనము యోచింపవలసియున్నది. ఏలన, రాబోవు ఉపద్రవమున మన తలిదండ్రుల మంచము చెంత నిలువవలసినవారును వారే గదా!

ఐ.సి.యు. అని నేడు పల్లెలయందు సైతము వాడుకలోనున్న తీవ్రచికిత్సా విభాగము పుట్టినదే యొక అంటువ్యాధి మూలమున. 1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలెను. ఊపిరియాడని రోగులు నానాటికి పెరుగుచుండ, శ్వాసయంత్రములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే యుండెను. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు రోగి కంఠమున గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలినందించు మార్గమును చూపెను. సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. పెక్కుమంది బ్రదికిరి, కొందరు మాత్రము ఆ యువకుల చేతులలోనే కన్నుమూసిరి. ప్రాణమును నిలుపుటకై ఇట్లు పుట్టిన ఈ విద్య, నిలుపజాలనప్పుడు చేయవలసిన దేమో నేర్చుకొనుటలో మిక్కిలి వెనుకబడెను.

ఈ లోపము 2020 మార్చిలో ఉత్తర ఇటలీయందు బయల్పడెను. లొంబార్దీ ప్రాంతమున మంచములు చాలవయ్యెను, వెంటిలేటర్లు చాలవయ్యెను. మార్చి 6వ తేదీన ఆ దేశపు మత్తుమందు, తీవ్రచికిత్సా వైద్యుల సంఘము, సాధనములు చాలనప్పుడు ఎవరిని ముందు చేర్చుకొనవలెనో సూచనలు ప్రకటించెను. వయఃపరిమితి విధింపవలసి రావచ్చునన్న మాట విని లోకము నివ్వెరపోయెను. చోటు దొరకని రోగిని విడిచిపెట్టరాదనియు, అతని బాధను శమింపజేయవలెననియు అందే యున్న మాట అంతగా ప్రచారము నొందలేదు. ఆ నెల 18వ తేదీ రాత్రి బెర్గామో నగరమునుండి శవపేటికలను సైనికుల లారీలు మోసికొనిపోవు దృశ్యమును మాత్రము అందరును చూచిరి.

వైద్యసేవకుల ఈ బాధకు అమెరికా తత్త్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే నర్సుల వృత్తిధర్మమును గూర్చిన గ్రంథమున నామకరణము చేసెను. ఏది ధర్మమో తెలియక తల్లడిల్లుట ధర్మసంకటము. ధర్మము స్పష్టముగా తెలిసియు, చుట్టునున్న ఏర్పాట్లు దానిని చేయనీయకుండుట వేరు. దీనిని ధర్మవేదన యందము. కురుసభలో ద్రౌపదికి సమాధానము చెప్పజాలక ధర్మము సూక్ష్మమన్న భీష్మునిది మొదటిది. ధర్మమెరిగి, నోరు విప్పి చెప్పియు, జరుగుచున్న దానిని ఆపజాలని విదురునిది రెండవది. మహమ్మారి కాలమున మన నర్సులనేకులు విదురుని స్థితియందుండిరి.

2021 ఏప్రిల్, మే నెలలలో మన దేశమున జరిగినది మరువరానిది. ఆక్సిజనుకై ఆసుపత్రులు మొరపెట్టుకొనెను. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, ట్యాంకరు రాక ఆలస్యమై ఆక్సిజను పీడనము తగ్గగా 11 మంది రోగులు మరణించిరని అధికారులు ప్రకటించిరి. ప్రాణవాయువే లేనిచోట నర్సు నేర్పరితన మేమి చేయగలదు? కుమారుడు కడసారి నోట తులసితీర్థము పోయుటకు గూడ నోచుకొనని తండ్రులెందరో! ఆ కుమారుని ద్వారము కడనే ఆపవలసినదియు, అతని మాటను ఫోనులో రోగి చెవికి వినిపింపవలసినదియు ఆ నర్సే.

ఈ వేదనకు మరియొక ముఖము కలదు. బ్రదుకునాశ లేదని తెలిసియు యంత్రములపై దినములు గడపుట, బంధువులు పొలము తాకట్టు పెట్టి ఖర్చు భరించుట, నిజము చెప్పువారు లేకుండుట, ఇవి మహమ్మారి లేని దినములలోను ఐ.సి.యు. సేవకుల మనస్సులను నలుపుచునే యున్నవి.

ఇందుకు మందు ఉపశమన చికిత్స. దీనిని రోగిపై ఆశ వదలుకొనుటగా కొందరు భ్రమపడుదురు. 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, పిమ్మట వైద్యురాలు. శరీరబాధతోపాటు మనోవ్యథయు, కుటుంబచింతయు, ఆత్మవేదనయు కలిసియే రోగిని పీడించునని ఆమె బోధించెను. ఆయాసమును తగ్గించుట, నొప్పికి మార్ఫిన్ వంటి మందు నిచ్చుట, కుటుంబమునకు నిజము మృదువుగా చెప్పుట, రోగి కోరికను తెలిసికొనుట, ఇవియే ఆ చికిత్సలోని అంగములు. ప్రాణరక్షణ ప్రయత్నముతోపాటే దీనిని జరుపవచ్చును. ప్రాణము దక్కకున్నను చేయవలసినది చేసితిమన్న తృప్తి నర్సునకు మిగులును.

మన దేశమున మార్గము కొంత సుగమమయ్యెను. 1985 నాటి మత్తుపదార్థముల చట్టము మూలమున మార్ఫిన్ దొరకుట దుర్లభము కాగా, 2014లో ఆ చట్టము సవరింపబడెను. కేరళమున 1993లో కోళిక్కోడునందు మొలకెత్తిన ఉపశమన సేవ ఇరుగుపొరుగువారి సహాయముతో పల్లెలకు ప్రాకెను. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దానికొక విధానమును ఏర్పరచెను. నయముగాని స్థితిలో యంత్రములతో బ్రదికింపవలదని ముందుగా వ్రాసియుంచు హక్కును సుప్రీము కోర్టు 2018 మార్చి 9వ తేదీన అంగీకరించెను. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరము గావించెను.

ఇక ఆలస్య మేల? ఐ.సి.యు. గల ప్రతి ఆసుపత్రిలోను ఉపశమన చికిత్స నెరిగిన వైద్యులును, నర్సులును, మార్ఫిన్ నిలువయు నుండవలెను. ఎవరికి యంత్రమును, ఎవరికి ఉపశమనమును అను నిర్ణయము అర్ధరాత్రివేళ ఒక్క వైద్యుని అంతఃకరణముపై మోపబడరాదు. ముందుగా నేర్పడిన సంఘము దాని బాధ్యత వహింపవలెను. నర్సు చెప్పు మాటకు ఆ సంఘమున స్థానముండవలెను. ఆసుపత్రులకు విరాళములిచ్చు గ్రామపెద్దలును, పట్టణ ప్రముఖులును కొత్త యంత్రముల సంఖ్యతోపాటు ఈ ఏర్పాట్లను గూర్చియు అడుగుట నేర్వవలెను. ప్రతి గృహమునందును పెద్దల కోరికలను వారు ఆరోగ్యముగా నున్నప్పుడే అడిగి తెలిసికొనవలెను. మనము ఇంటిలో ఆడవలసిన మాట ఆడకున్న, దాని భారము తెలియని యొక నర్సు తలపై పడును.