ఏటి ఒడ్డున ఇల్లు... ఏటికి ఇవ్వవలసిన మాట

ఏ శుభకార్యానికైనా ముందు సంకల్పం చెప్పుకుంటాము. అందులో కాలాన్ని చెప్పిన పిమ్మట దేశాన్ని చెబుతాము. అక్కడ ఇంటి నంబరు ఉండదు, వీధి పేరు ఉండదు. ఫలానా నదుల నడుమ ఉన్నామని దేవతలకు విన్నవించుకుంటాము. మన ప్రాంతం వారు కృష్ణా గోదావరుల మధ్య అని చెప్పుకోవడం మీకు తెలిసినదే. అనగా దైవసన్నిధిలో మన చిరునామా నదియే.

ఈ సంగతిని ఇప్పుడు జ్ఞాపకం చేయడానికి కారణం ఉన్నది. నగరపు రద్దీతో విసిగిన గృహస్థులు, విదేశాల నుండి తిరిగి వచ్చిన దంపతులు చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలలో స్థిరపడాలని కోరుకుంటున్నారు. ఆ కోరిక సహజమైనదే. ఉస్మాన్‌సాగర్ చెంతనే చిలుకూరు బాలాజీ కొలువై ఉన్నాడు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన తరువాత 108 ప్రదక్షిణలు చేసే క్షేత్రమది. అక్కడ హుండీ లేదు. వీసా కోసం ఆ స్వామికి మొక్కుకొని సముద్రాలు దాటినవారు, ఇప్పుడు ఆయన నీడనే ఇల్లు కట్టుకోవాలని వస్తున్నారు. దాపుననే జింకలు, నెమళ్ళు తిరిగే మృగవని జాతీయోద్యానం ఉన్నది. పడమరగా సాగితే అనంతగిరి అడవులు, అనంత పద్మనాభస్వామి దర్శనం. ఇంతకన్న ఏమి కావాలి?

ముచికుందుని నది

ఆ అనంతగిరి కొండలలోనే మూసీ పుట్టింది. దానికి ముచికుంద అన్నది పూర్వనామం. దేవతల పక్షాన యుద్ధం చేసి అలసిన ముచికుందుడు గుహలో దీర్ఘనిద్ర పోవడం, కాలయవనుడు అతని చూపుకు భస్మం కావడం, పిదప ఆ రాజర్షికి శ్రీకృష్ణ దర్శనం లభించడం భాగవత కథ. ఆ గుహ ఈ కొండలలోనిదే అని స్థానిక ఐతిహ్యం. ఈ నది చివరకు వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. వరదను ఆపినవీ, నగరం దాహం తీర్చినవీ ఈ రెండే. మొయినాబాదు ఈ జలాశయాల నడుమ ఉన్నది. ఇక్కడి నేల మీద పడిన ప్రతి చినుకు ఏదో ఒక వాగు వెంట వాటిని చేరవలసినదే. కనుకనే 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ కూడా, జలాశయాల నీటి స్వచ్ఛతకు భంగం కలుగరాదని షరతు పెట్టింది.

అడగని ప్రశ్న

ఒక గృహస్థు శంకుస్థాపన ముహూర్తం కోసం నా వద్దకు వచ్చారు. ఆయన సింహద్వారం ఏ దిక్కున ఉండాలి, ఈశాన్యంలో బావి ఎక్కడ తవ్వాలి అని శ్రద్ధగా అడిగారు. అన్నీ చెప్పి, "అయ్యా, మీ ఇంటి మురుగునీరు ఎటు పోతుంది?" అన్నాను. ఆయన తెల్లబోయారు. స్థలానికి దిగువన వాగు ఉన్నది. నీరు తనంతట తానే అటు వెళ్ళిపోతుందన్నారు.

ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అంతకు ముందు ఎన్నో భూమిపూజలు చేయించాను. కలశంలో గంగా యమునా గోదావరులను ఆవాహన చేశాను గాని, గడప ముందరి వాగును గురించి ఒక్కరినీ అడగలేదు. ఆ దోషంలో పురోహితునిగా నాకూ పాలు ఉన్నది.

శాస్త్రం మాత్రం మౌనంగా లేదు. నీటిలో మలమూత్రాలు విడువరాదని, ఉమ్మివేయరాదని తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న విధించింది. మనుస్మృతి నాలుగవ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్ళి, విషపదార్థాలను నీటిలో వేయరాదన్నది. మన ఇంటి గొట్టం మన పక్షాన ఆ పని చేసినా, పాపం గొట్టానిది కాదు గదా!

గృహప్రవేశానికి ముందు

కనుక ఇటు రాదలచిన వారికి నా విన్నపం. స్థలం కొనేముందు వర్షాకాలంలో ఒకమారు వచ్చి నీటి దారిని కళ్ళారా చూడండి. వాగు పూడ్చిన చోట, చెరువు పూర్తి నీటిమట్టం లోపల ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. నిర్మాణానికి అనుమతి ఉన్నదో లేదో అధికారుల వద్ద స్వయంగా విచారించండి. మురుగును శుద్ధి చేసే ఏర్పాటును వంటింటితో సమానంగా ఎంచండి. కప్పు మీది వాననీటిని భూమికి అప్పగించండి. తరతరాలుగా ఇక్కడ కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపుతున్న రైతును పొరుగువానిగా గౌరవించండి.

ఆ గృహస్థు నెల తరువాత మరల వచ్చారు. ఇంటి నమూనా మార్చి, వాగుకు ఎడంగా శుద్ధి తొట్టి కట్టించడానికి ఏర్పాటు చేసుకున్నారు. అప్పుడే ముహూర్తం పెట్టాను. సంకల్పంలో నదుల పేర్లు చెప్పే సమయాన ఆయన ఒక్క క్షణం తల తిప్పి వాగు వైపు చూశారు. మీ ఇంట రేపు సంకల్పం చెప్పుకునేటప్పుడు మీరూ అలా నిస్సంకోచంగా చూడగలగాలని నా ఆకాంక్ష.