చాప్లిన్ వదిలేసిన వయొలిన్ ఏమైంది?

చార్లీ చాప్లిన్ అనగానే ఏం గుర్తొస్తుంది? చిన్న మీసం, టోపీ, చేతికర్ర, ఆ వంకర నడక. రీల్స్‌లో కూడా అవే క్లిప్పులు తిరుగుతుంటాయి కదా. కానీ అతను ఒకప్పుడు వయొలిన్ కచేరీలు చేద్దామనుకున్నాడు. ఈ ఎపిసోడ్‌లో ఆ కథ చెప్తాను.

చాప్లిన్ పుట్టింది 1889లో. పెరిగింది లండన్‌లో. అమ్మా నాన్నా ఇద్దరూ స్టేజి మీద పాడేవాళ్లు. కానీ నాన్న తాగుడుకి బలైపోయాడు, అమ్మ మానసిక జబ్బుతో ఆసుపత్రి పాలైంది. పిల్లాడు పేదల ఆశ్రమాల్లో పెరిగాడు. అలాంటివాడు 16వ ఏట నుంచి రోజుకి 4 నుంచి 6 గంటలు గదిలో కూర్చుని వయొలిన్ సాధన చేశాడు!

ఇంకో విషయం, అతనిది ఎడమచేతివాటం. తీగలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుందా? సరిపోదు. వయొలిన్ లోపల లావు తీగ వైపు ఒక చెక్క పట్టీ, సన్న తీగ వైపు ఒక చిన్న పుల్ల ఉంటాయి. చాప్లిన్ వయొలిన్‌లో అవి కూడా తిరగేసి పెట్టించాడు.

ఇంత చేసినా, గొప్ప స్థాయికి చేరలేనని తనకే అర్థమై ఆ ఆశ వదులుకున్నాడు. 1914 నుంచి సినిమాలే లోకం.

1916లో వచ్చిన 'ది వాగబాండ్' చూడండి. అందులో వీధుల్లో వయొలిన్ వాయించుకునేవాడి వేషం. వాయిస్తుంటాడు, కానీ మూకీ కదా, ఆ వాయింపు ప్రేక్షకులకి వినపడదు! హాల్లో కూర్చున్న వాద్యకారులు ఏది వాయిస్తే అదే మ్యూజిక్. నాకైతే ఇదే అన్నిటికంటే బాధగా అనిపిస్తుంది.

తర్వాత టాకీలు వచ్చాయి. మాటల్లేని చాప్లిన్ పని అయిపోయిందనుకున్నారు చాలామంది. అతనేమో 1931లో 'సిటీ లైట్స్' కూడా మాటల్లేకుండానే తీశాడు. కానీ ఫిల్మ్ మీద సంగీతం రికార్డు చేయొచ్చు కాబట్టి తానే ట్యూన్లు కట్టాడు. అంటే ఇకపై ఏ ఊరి హాల్లోనైనా అతను కోరుకున్న సంగీతమే!

స్వరాలు రాయడం రాదు. కూనిరాగం తీసేవాడు, పియానో మీద వినిపించేవాడు, పక్కనున్నవాళ్లు రాసుకునేవాళ్లు. కామెడీ సీన్‌కి కామెడీ మ్యూజిక్ వద్దనేవాడు. కింద నవ్వు నడుస్తుంటే పైన రాగం హుందాగా ఉండాలన్నమాట.

1952లో 'లైమ్‌లైట్' తీశాడు. అందులో బస్టర్ కీటన్ పియానో, చాప్లిన్ వయొలిన్. అదే ఏడు అమెరికా అతని రీ-ఎంట్రీ పర్మిట్ రద్దు చేసింది. ఆ సినిమా లాస్ ఏంజిలెస్‌లో ఆడింది 1972లో! మరుసటి ఏడాది దాని సంగీతానికి ఇంకో ఇద్దరితో కలిపి ఆస్కార్ ఇచ్చారు. గౌరవ పురస్కారాలు పక్కన పెడితే, అతను పోటీలో గెలిచిన ఆస్కార్ అదొక్కటే. అదీ నటనకి కాదు, సంగీతానికి!

కచేరీ చేయలేకపోయాడు. కానీ ఆ గదిలో తయారైన చెవి ఎక్కడికీ పోలేదు. మీ ఇంట్లో కూడా ఓ గిటారో, కీబోర్డో మూలన పడి ఉందా? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!