మీకు తెలుసా? పొడి అక్షరమైపోయిన ఇంటిపేరు

శాస్త్ర పత్రికలకు పంపే వ్యాసం చివర ఆధారాల పట్టికలో రచయిత ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు పొడి అక్షరాల్లో రాస్తారు. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర వస్తుంది కనుక పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటారు. తెలుగువారికి అది ముందుంటుంది. చిక్కంతా అక్కడే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటిలో ప్రకటించారు. నేటికీ ఆ వ్యాసాన్ని పేర్కొనేవారు రాసేది ‘సుబ్బారో వై.’ అనే. అంతటి ఇంటిపేరు ఒక్క అక్షరమైంది! గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు కూడా ‘రావు సి.ఆర్.’ అయ్యారు. రావు, రెడ్డి అనేవి తెలుగునాట ఇంటిపేర్లు కావు. అందుకే పట్టికల్లో ఎందరో ఒకే పేరు కింద కలిసిపోతారు.

1978లో వాంకూవర్‌లో సమావేశమైన వైద్య పత్రికల సంపాదకుల పేరిట వచ్చిన పద్ధతిలో, ఆధారాలకు అవి వ్యాసంలో కనిపించిన వరుసలో అంకెలు వేస్తారు. హార్వర్డ్ పద్ధతిలో పేరు, సంవత్సరం ఇస్తారు. రెండింటిలోనూ పేరు చిక్కు తీరదు. 2012లో మొదలైన ‘ఆర్కిడ్’ అనే, ఒక్కో పరిశోధకునికి ఇచ్చే 16 స్థానాల గుర్తింపు సంఖ్య ఆ చిక్కును కొంత తీర్చింది.

పరిశోధనకు వెళ్లే విద్యార్థులైనా, మరెవరైనా, తొలి వ్యాసంలో పేరు ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయాలి.